ఊటలో ఉన్న మనిషి

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. ఇది గొంతు పెంచి చెప్పే కథ కాదు. విన్నాక ఎవరికి ఏమని చెప్పాలో మీరే తేల్చుకోండి.

"ఇంకో అడుగేసినావంటే కొడవలి తోటి కోసేస్తాను," అంది తవిటమ్మ.

ఆ మాట అన్నది దొంగతో కాదు. విశాఖపట్నం నుంచి జీపులో వచ్చిన రేఖతో. రేఖ నీటి గుహల్లో ఈదే మనిషి. వీపున గాలి సిలిండర్లు కట్టుకుని దిగి, నేల కింద నీళ్లు ఏ దారిన పోతున్నాయో చూసి పటం గీయడం ఆమె పని. ఆమె వెనక, ఆమెతో పాటు నీళ్లలో దిగే జతగాడు గోవింద్. అతని వెనక, వాళ్లను పిలిపించిన తవిటమ్మ బావగారు జగన్నాధం.

సాలూరు అవతల కొండ కింద తవిటమ్మకు జీడితోట ఉంది. తోట చివర రాతి నోరున్న ఊట. ఓ ఎండాకాలం ఆ నోట్లో పూడిక తియ్యడానికి తవిటమ్మ మొగుడు సోములు దిగాడు. మళ్లీ పైకి రాలేదు. ఊరంతా గట్టు మీద కూర్చుని కాపు కాసింది. శవం తేలలేదు. శవం తేలలేదు కనక విషయమూ తేలలేదు. దినం పెట్టలేదు, బొట్టు చెరపలేదు. పదేళ్లు దాటినా తవిటమ్మ చేతినిండా గాజులతోనే తిరుగుతోంది. గంగమ్మ తనలో దాచుకున్న మనిషి పెళ్లామని, పేరంటంలో తాంబూలం ముందు ఆమెకే ఇస్తారు.

"సూడమ్మా దీని యవ్వారం," అన్నాడు జగన్నాధం రేఖతో. "నా తమ్ముడు ఆ రాళ్ల కింద ఇరుక్కుని ఉన్నాడు. ఆడికో పిండం లేదు, ఓ దోసెడు నీళ్లు లేవు. దీనికేమో గాజుల మీద మోజు."

"నా గాజులు నీకేటి బరువు బావా? నువ్వేటైనా మోస్తన్నావా?"

"నాను మోస్తన్నది నా తమ్ముణ్ణి. కలలోకి వచ్చి ఆకలేస్తంది అన్నా అంటన్నాడు."

"ఆకలేస్తే పెళ్లాం కాడికి రావాల గానీ, నీ కాడికెందుకొస్తాడు? మీ ఇంట్లో కూర బాగుంటాదనా?"

కంచె అవతల నిలబడ్డ ఆడవాళ్లు నోళ్లకు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. జగన్నాధం మొహం నల్లబడింది.

"అయితే ఇనుకో. ఈళ్లని దిగనియ్యకపోతే వచ్చే వారమే డీజిలు ఇంజిన్లు తెస్తాను. అడుగు కనబడేదాకా తోడించేస్తాను. ఊరందరూ వస్తామన్నారు. అప్పుడు ఎవులాపుతారో సూస్తాను."

కొడవలి పట్టుకున్న చెయ్యి దిగిపోయింది. తవిటమ్మ భయపడడం ఆ ఊరు చూడడం అదే మొదటిసారి.

రేఖ అందర్నీ కంచె బయటకు పొమ్మని, ఆమె పక్కన రాయి మీద కూర్చుంది.

"తోట మీది. మీరు వద్దంటే దిగనమ్మా. జీపెక్కి వెళ్లిపోతాను."

"నువ్వు ఎలిపోతే ఇంజిన్లు వస్తాయి."

"వస్తాయేమో."

"ఇంజిన్లు పెడితే ఊరంతా సూస్తాది. నువ్వు దిగితే ఎవులు సూస్తారు?"

"నేనూ, గోవిందూ. ఒంటరిగా దిగడం మా పద్ధతి కాదు."

తవిటమ్మ కొడవలి కింద పెట్టింది.

"లోన ఏటున్నా ముందు నా సెవిలో సెప్పాల. మా బావకి కాదు, ఆ కంచె కాడోళ్లకి కాదు. నాను ఊఁ అన్నాకే ఊరికి."

"మాటిస్తున్నాను. గోవింద్ కూడా నోరు విప్పడు."

మొగుడి చావు కబురు పెళ్లామే ముందు వినాలనుకోవడంలో తప్పేముంది అనుకుంది రేఖ.

ఇద్దరూ దిగారు. కంచె దగ్గర జగన్నాధం పెళ్లాం అసిరమ్మ బిందెతో నీళ్లు తెచ్చి పెట్టుకుంది. ఎముకలు బయటపడితే అక్కడే గాజులు తీయించి, నెత్తిన నీళ్లు పోయాలని.

"అప్పుడే బిందె తెచ్చేసినావేటప్పా?" అంది తవిటమ్మ. "అంత తొందరేటి?"

"నీ మంచికేనే. ఎన్నాళ్లిలాగ? మనిసి ఉన్నట్టా, లేనట్టా?"

నీళ్ల మీద బుడగలు లేచాయి. కాసేపటికి బుడగలు కూడా ఆగిపోయాయి. "ఓలమ్మో, ఈళ్లని కూడా మింగేసినాది," అని ఎవరో అన్నారు. తవిటమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

ఎండ తోట దాటి కొండెక్కాక రేఖ తల పైకి తేలింది. వెనకాలే గోవింద్.

జగన్నాధం కంచె పట్టుకుని అరిచాడు. "ఉన్నాడా?"

రేఖ అతని వైపు చూడకుండా నీళ్లు కారుతూ వచ్చి తవిటమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చుంది. రేఖ మొహం వెలిగిపోతోంది. తవిటమ్మ చెవిలో చెప్పింది.

"లేడమ్మా. ఎముక ముక్క కూడా లేదు. నీళ్ల దారి ఊపిరి బిగబట్టి దాటేంత దూరం పోయి పైకి లేచింది. అక్కడ పొడి గుహ ఉంది. కొండకు అటువైపు, లారీల రోడ్డు పక్క పొదల్లోకి తెరుచుకుంది. లోపల బండ మీద చివికిపోయిన ఓ తువ్వాలు ఆరేసి ఉంది. గాలికి ఎగరకుండా మూలల మీద రాళ్లు పెట్టి మరీ. మునిగిపోయిన మనిషి తువ్వాలు ఆరేసుకోడు కదమ్మా. ఆయన బతికే బయటపడ్డాడు. మీరు గాజులు తియ్యక్కర్లేదు."

తవిటమ్మ ఏడవలేదు. ఏ రోడ్డని గానీ, ఏ తువ్వాలని గానీ అడగలేదు. కంచె కేసి చూసింది. కంచె పొడుగునా మొహాలు. ఉన్నాడా, ఉన్నాడా అని ఊరు ఊరంతా అడుగుతోంది. అసిరమ్మ బిందె చంకనెత్తుకుంది.

తవిటమ్మ రేఖ తడి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఆ రాళ్ల కిందే ఉన్నాడని సెప్పమ్మా."