లూసమ్మ పండుగనాటి నిప్పు

కరెంటు నిప్పు కిందికి వస్తుందా, రాదా?

దాసుకి ఈ సందేహం ఏళ్లుగా ఉంది. ఒకసారి చర్చిలో ఫాదర్‌ని అడిగితే ఆయన నవ్వేశారు. దాసుకి మాత్రం నవ్వు రాలేదు.

డిసెంబరులో వచ్చే పునీత లూసియమ్మ పండుగ వాళ్లింట్లో పెద్ద పండుగ. ఆ ఆచారాలన్నీ తల్లి నరసమ్మవి. ముందురోజు అరిటాకు ముక్కలో గుప్పెడు ఉప్పు పోసి కిటికీలో పెట్టేది. తెల్లారి ఉప్పు పొడిగా ఉంటే ఏడాదంతా ఇల్లు చల్లగా ఉంటుంది. చెమ్మగిల్లితే ఇంట్లోంచి ఏదో ఒకటి వెళ్లిపోతుంది. పండుగ మొదలు క్రిస్మస్ దాకా పన్నెండు రోజుల ఎండా మబ్బూ చూసి, రోజుకో నెల చొప్పున, రాబోయే ఎండలూ వానలూ చెప్పేది. అన్నిటికన్నా గట్టి కట్టుబాటు ఒకటుంది. లూసమ్మ రోజున ఉప్పూ నిప్పూ గడప దాటకూడదు.

వాళ్లుండేది బర్మాలోని అహ్లోన్ పేటలో, మూడో అంతస్తులో. ఎదురు వాటాలో మ్యా మ్యా, ఆమె భర్త మౌంగ్ మౌంగ్. మ్యా మ్యా తల్లి తెలుగావిడే. టాక్సీ నడిపే మౌంగ్ మౌంగ్ కూడా భార్య దగ్గర మన మాట పట్టుకున్నాడు. మనిషికి ఉబ్బసం. అక్కడి వాడుకలో మర్యాదకి ఆడవాళ్ల పేరు ముందు 'మా', మగవాళ్ల పేరు ముందు 'కో' చేర్చి పిలుస్తారు.

నాలుగేళ్ల కిందట పండుగనాడు, వాన పడని నెలలో వాన పడింది. కిటికీలో ఉప్పు నీరైపోయింది. ముక్కుకి ఆక్సిజన్ గొట్టంతో మంచంలో ఉన్న నరసమ్మ అది చూసింది.

"ఒరే దాసూ, ఈయాల ఇంట్లోంచి అగ్గిపుల్ల కూడా పోనివ్వకు."

సాయంత్రం వీధంతా కరెంటు పోయింది. ఆక్సిజన్ మిషను ఇన్వర్టర్ మీద నడుస్తోంది. అందులో చార్జింగు అడుగంటుతోంది. పిలిచిన అంబులెన్సు ఇంకా రాలేదు.

అప్పుడు మ్యా మ్యా తలుపు తట్టింది. చేతిలో ప్లగ్గుల బోర్డు. దాని వైరు ఆమె వెనకాల వరండాలో సాగి ఉంది.

"అన్నా, కరెంటు..." అంది రొప్పుతూ.

"ఈయాల ఏటీ ఇవ్వకూడదు, మా మ్యా. రేపు రా." దాసు తలుపు వేసేశాడు.

ఆమె మళ్లీ తట్టింది. తీయలేదు.

కాసేపటికి ఇన్వర్టర్ ఆగింది. అంబులెన్సు వచ్చేసరికి నరసమ్మ లేదు.

అంత్యక్రియల రోజు మ్యా మ్యా వచ్చి అందరికీ టీ కాచి పోసింది. ఆ సాయంత్రం మౌంగ్ మౌంగ్ ఎలా గట్టెక్కాడో అడగడానికి దాసుకి నోరు రాలేదు. అప్పటినుంచీ మెట్ల మీద ఎదురైతే తల దించుకునేవాడు. ఎదురింట్లో దగ్గు వినిపిస్తే కిటికీ మూసేవాడు. కాదన్నది అమ్మ కోసమా, కట్టుబాటు కోసమా? కళ్లకి చూపునిచ్చే లూసమ్మ, ఎదురింటికి వెలుగివ్వొద్దంటుందా? ప్రార్థనలో కూర్చున్నప్పుడల్లా ఇదే అడిగేవాడు. లేచేటప్పుడు సిగ్గు ఒక్కటే మిగిలేది.

ఈ ఏడాదీ ఉప్పు చెమ్మగిల్లింది. సాయంత్రం కరెంటు పోయింది. టాక్సీ అమ్మేసి మంచం పట్టిన మౌంగ్ మౌంగ్ దగ్గు తెరలు తెరలుగా వస్తోంది. దాసు లేచి వైరు తీశాడు.

"ఏటి చేస్తన్నావు? ఉప్పు చూసినావా? అత్త మాట మర్సిపోనావా?" అంది భార్య సత్యశ్రీ.

"మర్సిపోనేదు. అందుకే ఎల్తన్నాను."

"ఏదైనా అయితేనో?"

"అయితే నాకే అవ్వనీ."

ప్లగ్గు ఇన్వర్టర్‌కి పెట్టి, బోర్డు పట్టుకుని వరండా దాటాడు. మ్యా మ్యా తలుపు తీసింది. బోర్డు వంక చూసింది. పక్కకి జరిగి దారిచ్చింది.

మందు ఆవిరి పట్టే మిషను గుర్రుమంది. మౌంగ్ మౌంగ్ ఊపిరి మెల్లగా కుదుటపడింది.

"ఆవాళ తలుపేసీసినాను. చెమించు, కో మౌంగ్," అన్నాడు దాసు, నేల చూస్తూ.

"ఇప్పుడదెందుకు?" అని మ్యా మ్యా భర్త చెయ్యి నొక్కింది.

మౌంగ్ మౌంగ్ ముఖం మీది మాస్కు పక్కకి తీసి నవ్వాడు.

"తీరిపోనాదిలే, కో దాసూ, ఆవాళ మీ అమ్మకని నా టాక్సీ బ్యాటరీ ఇప్పి పైకి మోసుకొచ్చి, మా ఇన్వర్టర్‌కి తగిలించి, మ్యా మ్యా చేత మీ గుమ్మం దాకా పంపిన కరెంటు బాకీ."