చప్పుడు చెయ్యని మిషన్

"పోవట్లేదురా," అన్నాడు బావ, డిష్‌వాషర్‌లోకి తల దూర్చి. మాట బావిలోంచి వచ్చినట్టు వచ్చింది.

బామ్మర్ది వంటింటి గట్టు మీద కూర్చుని టార్చి పట్టుకున్నాడు. మిషన్ అడుగున నీళ్లు నిలిచిపోయి, పైన నూనె తెట్టె కట్టింది.

"ఇంకో రెండ్రోజులాగు బావా. చేపలు పెంచుకోవచ్చు."

"నోర్మూసుకుని టార్చి సరిగ్గా పట్టు."

అక్క ఇల్లు వదిలి ఈ తమ్ముడింటికే వెళ్లి వారమైంది. ఈ వారంలో సింకులో గిన్నెలు కొండలా పెరిగి కిటికీకి అడ్డమొచ్చాయి. వంటింట్లో మధ్యాహ్నానికే చీకటి పడుతోంది. చెంచాలన్నీ అయిపోయి బావ నిన్న టీలో పంచదార గరిటెతో కలుపుకున్నాడు. ఇక తప్పక ఇవాళ పొద్దున పట్టినన్ని గిన్నెలు మిషన్‌లో కుక్కి, మీట నొక్కాడు. అది గంటసేపు ఊగిపోయింది గానీ నీళ్లు మాత్రం వదల్లేదు. గిన్నెలన్నీ మళ్లీ సింకులో కొండెక్కాయి.

"ట్రాక్టర్‌లా మోగిందిరా. పక్కింటాయన తలుపు కొట్టాడు."

"చప్పుడే చెయ్యదని నువ్వే కదా అందరికీ చెప్పేవాడివి?"

"అదే నేనూ అంటున్నా. మీ అక్క చేతిలో ఉన్నన్నాళ్లూ ఎంత బుద్ధిగా ఉండేది! నేను పడుకున్నాక తనేసేది, ఒక్కరోజు నిద్ర చెడలేదు. పొద్దున్నే అందులోంచి తళతళలాడే పళ్లెం తీసి టిఫిన్ పెట్టేది. వెళ్తూ వెళ్తూ దీన్ని ఏదో చేసింది."

బామ్మర్ది దగ్గాడు. అక్క వాణ్ణి పంపిస్తూ రెండే మాటలు చెప్పింది. టార్చి పట్టుకో, నోరు విప్పకు. అందులో మొదటిది మాత్రం తు.చ. తప్పకుండా పాటిస్తున్నాడు.

"అక్కనే అడగలేకపోయావా?"

"పొద్దున ఫోన్ చేసి అడిగా. ఎందుకు పోవట్లేదో మీరే కనుక్కోండి, కనుక్కున్నాక ఫోన్ చెయ్యండి, వస్తానో రానో అప్పుడు చెప్తానంది. అంటే ఏంటి? తనే చేసిందని కాదూ?"

బావ డ్రైవింగ్ స్కూల్లో మాస్టారు. తప్పు నడిపేవాడిది, బండిది కాదు అని రోజుకి పాతికమందిని తిట్టి ఇంటికొస్తాడు. అలవాటుకొద్దీ ఇంట్లోనూ అదే మాట. మిషన్‌ని కూడా బండి కిందే లెక్కేసి, దాని జల్లెడ ఊడదీశాడు. కొత్తదానిలా ఉంది.

"శుభ్రం విషయంలో మాత్రం మీ అక్కకి పేరు పెట్టడానికి లేదు."

పంపు తిప్పి చూశాడు. తిరిగింది. గొట్టం తడిమాడు. ఎక్కడా మడత లేదు. పౌడరు తక్కువైందేమోనని డబ్బా తీశాడు. నిండుగానే ఉంది గానీ, లోపల గడ్డకట్టి రాయైపోయింది. దాంతో ఎవర్నయినా కొడితే కేసవుతుంది.

"చూశావా, మిషన్‌తో పాటొచ్చిన డబ్బా ఇది. నాలుగేళ్లొచ్చింది! పొదుపంటే అదీ."

"అవును బావా. పొదుపే," అన్నాడు బామ్మర్ది, పైకప్పు వంక చూస్తూ.

"దీన్ని నేనే బిగించా తెలుసా? మెకానిక్‌ని పిలవలేదు, పుస్తకం తెరవలేదు."

"మొదటిరోజే అక్క ఏదో అందటగా?"

"ఆ, నీళ్లు పోవట్లేదంది. నీకు వాడటం రాదు అన్నా. కాస్త గట్టిగానే అన్నాలే. అంతే, నేర్చేసుకుంది. మళ్లీ ఒక్కసారి కూడా అనలేదు."

అని నేల మీద చతికిలబడ్డాడు. చేతిలో స్క్రూడ్రైవర్ అటూ ఇటూ తిప్పాడు.

"పోయిన వారం నా స్నేహితుల ముందు అలా అనకుండా ఉండాల్సిందిరా."

"ఏమన్నావు?"

"గిన్నెలు మిషన్ కడుగుతుంటే ఈవిడ చేతులకి మందు పట్టీలెందుకు, జాలి పుట్టించడానికి కాకపోతేనూ, అన్నా. అందరూ నవ్వారు. తనూ నవ్వుతుందనుకున్నా." స్క్రూడ్రైవర్ నేల మీద పెట్టాడు. "చేతులు వెనక్కి పెట్టుకుని లోపలికెళ్లిపోయింది. తెల్లారేసరికి సంచి సర్దింది."

బామ్మర్దికి జోకు తట్టలేదు. వాడి జీవితంలో అది మొదటిసారి.

బావ సింకు కిందకి దూరాడు. గొట్టం వచ్చి సింకు పైపుకి కలిసే చోట మర విప్పి, వేలు పెట్టాడు.

"దొరికింది! రారా, చూడు మీ అక్క పని! ఇక్కడ ప్లాస్టిక్ బిళ్ల అడ్డం పెట్టి పోయింది! నాకు తెలుసు!"

"సరిగ్గా చూడు బావా," అంటూ టార్చి దగ్గరగా పెట్టాడు బామ్మర్ది.

బిళ్ల ఊడి రాలేదు. అది పైపుతో పాటే, ఫ్యాక్టరీలోనే పోతపోసింది. దాని మీద చిన్న అక్షరాలున్నాయి. గొట్టం బిగించే ముందు దీన్ని కోసి తీసెయ్యండి. బిళ్ల మీద ఒక్క గాటు కూడా లేదు.

సింకు కింద బావ ఆ అక్షరాల మీద ఇంకోసారి వేలు నడిపాడు.

"బావా, ఉన్నావా?"

ఒక చెయ్యి బయటికొచ్చింది. "ఫోనివ్వు."

అవతల ఒక్క రింగుకే ఎత్తింది. "కనుక్కున్నారా?"

"కనుక్కున్నా."

"ఏంటట?"

బావ ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాడు. బిళ్ల గురించి చెప్పబోయి, మానేశాడు.

"నీ చేతులెలా ఉన్నాయి?"



"పగుళ్లు మానుతున్నాయి. వారంగా సబ్బునీళ్లు తగల్లేదుగా."

"ఇంటికి రా."

"చూస్తాను," అని పెట్టేసింది.

బావ లేచాడు. బిళ్లని కొయ్యలేదు. చొక్కా చేతులు పైకి మడిచి, సింకు ముందు నిలబడి, కొండ మీద నుంచి మొదటి గిన్నె తీశాడు.

నాలుగేళ్లలో ఆ మిషన్ ఒక్క గిన్నె కూడా కడగలేదు.