పదిహేడో పడవ

పోలీసు చర్య జరిగిన ఏడాది, కృష్ణలో మునిగిన పడవల వివరాలు రాసుకుంటూ తిరుగుతున్న రఘుపతి పంతులు పుట్టి అనే గుండ్రటి బుట్టపడవ ఎక్కి పదిహేడోది మునిగిన చోటికి వచ్చాడు. రాత్రి గాలి పడిపోతే మునిగిన చెక్కకు తగిలే గడకర్ర చప్పుడు బాగా తెలుస్తుందని ఆయన నమ్మకం.

పుట్టి నడిపే పెద్దులు గడ దించాడు. అడుగున చెక్క ఠక్కుమంది.

"గిదే సారూ. రజాకార్లకు బుగులుపడి అవతలికి పోతుంటె ఏడుగురు మునిగిన్రు."

చీకట్లో దాటేటప్పుడు ఎంతమంది ఎక్కితే అన్ని దెబ్బలు పడవ చెక్క మీద కొట్టి అవతలి ఒడ్డుకు తెలపడం ఆ రేవు ఆనవాయితీ.

రఘుపతి 'ఏడుగురు' అని రాసుకున్నాడు. పెద్దులు గడ పైకి లాగేశాడు.

అప్పుడు నీళ్లడుగున చెక్క మోగింది. ఏడు దెబ్బలు.

రఘుపతి బెదరలేదు. "సూసినవా పెద్దులూ, నా రాత తప్పలె."

కాసేపాగి మరో రెండు మోగాయి.

పుట్టిలో ఉన్నది వాళ్లిద్దరే.