కౌంటరుకు అవతల

కురుమూర్తి సంతకం పెట్టకపోతే సిద్రా మూడు నెలల కష్టం బూడిదలో పోసిన పన్నీరే.

ఆమె తయారుచేసింది కంప్యూటర్‌లో ఒక ఉత్తుత్తి ఆఫీసు. ఉద్యోగుల ఆన్‌లైన్ శిక్షణ కోసం. అందులో ఉద్యోగికి కుర్చీ ఉండదు. కౌంటరుకు అవతల అర్జీదారుగా నిలబడి, తెరమీది గుమస్తాతో వేగి, పని సాధించుకుని బయటపడాలి. మొదటిసారి చేసిన గుమస్తా "దయచేసి కూర్చోండమ్మా" అన్నాడు. పైవాళ్లు పగలబడి నవ్వి తిప్పి పంపారు. సహజంగా లేదట. ఈసారి అనుభవమున్న ఉద్యోగి ఒకరు చూసి, సహజంగా ఉందని రాసిస్తేనే తీసుకుంటామన్నారు.

నాగర్‌కర్నూల్‌లోని ఆ ఆఫీసులో, పేరెందుకులెండి, అనుభవమంటే కురుమూర్తిదే. పింఛన్ల కౌంటరులో ఇరవై ఆరేళ్ల సర్వీసు. మర్యాదకు తాను మారుపేరని ఆయనే చెప్పుకుంటాడు. వేరేవాళ్లకు ఆ శ్రమ ఇవ్వడు.

"ఏ ఊరమ్మా మీది?" ఫోను చూసుకుంటూనే అడిగాడు.

"తిమ్మాజిపేట సార్."

"ఎప్పుడూ చూడలే."

"అవును సార్. మీరు చూడలే."

హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడు. ఇప్పుడాయన తెరమీద అర్జీదారు హన్మమ్మ. డెబ్బై ఏళ్లు. ఆగిన పింఛను కోసం కోడేరు నుంచి బస్సులో వచ్చింది. తెర కింద మూడు బొత్తాలున్నాయి: బతిమాలు, గట్టిగా అడుగు, ఇంటికి పో.

'బతిమాలు' నొక్కాడు.

"సర్వర్ డౌనుంది. రేపు రా," అన్నాడు గుమస్తా, తలెత్తకుండా.

తెరమీద తెల్లారింది. మళ్లీ బస్సు, మళ్లీ వరుస.

"బతికే ఉన్నవని కాయితమేది?"

"నీ ఎదురుంగనే నిలవడితి గదరా!" కురుమూర్తి నిజంగానే అరిచాడు. ఆఫీసంతా తిరిగి చూసింది. ఆయన 'గట్టిగా అడుగు' మీద వేలు పొడిచాడు.

"గొంతు లేస్తుందేంది? ఫైలు అడుక్కు పోతది. జర సోంచాయించుకో."

ఐదో రోజుకు చెమటలు తుడుచుకున్నాడు. ఎనిమిదో రోజుకు బీపీ గోళీ మింగాడు. పదకొండో రోజు గుమస్తా "లంచ్ టైమ్" అని కిటికీ మూసేశాడు. కురుమూర్తి హెడ్‌ఫోన్లు తీసి బల్లమీద విసిరికొట్టాడు.

సిద్రా వాటిని తీసి పక్కన పెట్టింది. "సహజంగా లేదా సార్?"

"గింత సహజంగ ఉంటే బీపీ లేవదా మరి! ఎవడమ్మా గీ లఫంగి? ఆ గొంతేంది, పగిలిన రేకుడబ్బా లెక్క! ముసలామెను గిట్ల తిప్పుతడా? గిసుంటోనికి సర్కారు జీతమా?"

ఆయన కళ్లు చెమర్చాయి కూడా. పాపం, మెత్తని మనసు.

"అదే రాసియ్యండి సార్."

రాసిచ్చాడు. 'గుమస్తా నూటికి నూరుపాళ్లు సహజం. ఇలాంటివాడు నిజంగా ఎక్కడున్నా వెంటనే మన్ననూర్ అడవికి బదిలీ చేయాలి. అక్కడ పులికి రేపు రా అని చెప్పుకుంటాడు.' కింద సంతకం, తేదీ, ముద్ర.

"ఇది పైకి పంపాల్నా సార్?"

"ఇయ్యాలనే పంపు! గసుంటోల్లను ఇడిసిపెట్టొద్దు."

ఆ కాయితంతోపాటు సిద్రా కవరులో ఒక మెమరీ కార్డు కూడా పెట్టింది: తన నాయనమ్మ హుసేన్‌బీ దాదీ పింఛను కోసం తాను ఇదే కౌంటరు ముందు పదకొండు రోజులు నిలబడి రికార్డు చేసి, ఒక్క మాటా మార్చకుండా తెరమీది గుమస్తా నోట్లో పెట్టిన కురుమూర్తి గొంతు.