వంక పెట్టని వేపుడు

పొద్దుటినుంచీ మా చర్చివాళ్లందరం సరస్సులో వాలుగ చేపలు పట్టాం. ఎప్పటిలాగే మా ఆయన ఆర్డెల్ వాటికి మొక్కజొన్న పిండి పట్టించి, కాగే నూనెలో వేయించి వడ్డించాడు.

ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాను. ఉప్పుకు బదులు పంచదార!

ఏడాదిగా ఆయన మతిమరుపును ఎవరికీ తెలియనివ్వకుండా కప్పిపుచ్చుతున్నాను. ఇవాళ్టితో గుట్టు రట్టయిందనుకుని, బిక్కుబిక్కుమంటూ క్లోవిస్ వైపు చూశాను. అతను మా ఆయన నేస్తం. ముప్పై ఏళ్లుగా ఈ వేపుడుకు వంక పెట్టందే అతనికి ముద్ద దిగదు.

"అదిరిందిరా, ఇంకో రెండు వెయ్యి" అన్నాడు క్లోవిస్. తక్కినవాళ్లూ తలలు వంచుకుని తింటున్నారు.

ఆర్డెల్ గరిటె కింద పెట్టాడు.

"క్లోవిస్, ఏటా తిట్టిపోస్తావుగా. ఈసారి ఏం పాడుచేశాన్రా?"