గుమ్మానికి వేపమండ

బొంబాయిలో మిల్లుల సమ్మె నడిచిన ఏడు, వానల్లో రాజవ్వకు జ్వరం వచ్చింది. డాక్టరు ఫ్లూ అన్నాడు. గంజి తాగి పడుకోమన్నాడు. తగ్గేదాకా ఎవరినీ దగ్గరికి రానివ్వద్దన్నాడు.

కామాటిపురలో, వరుస గదుల చాల్లో, ఒక ఖోలీలో ఆమె ఒక్కతే ఉంటుంది. అమ్మవారు పోసినప్పుడు కట్టినట్టే గుమ్మానికి వేపమండ కట్టింది. ఆ ఆకు చూస్తే ఎవరైనా గడప బయటే ఆగిపోతారు.

పక్క ఖోలీ శాంతాబాయి రోజూ గడప అవతల గంజి గిన్నె పెట్టేది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, వరండా కటకటాలకు ఆనుకుని నిలబడేది.

"పానం ఎట్లుందక్కా?"

"ఒళ్లంత గుంజుతున్నది చెల్లె."

జ్వరం రాకముందు ఆ గుమ్మం ముందు ఆగి పలకరించిన వాళ్లు లేరు. ఆ ఒక్క మాట కోసం రాజవ్వ పొద్దంతా ఎదురు చూసేది.

ఆ రోజు శాంతాబాయి గంజి పెట్టి, నిన్నటి ఖాళీ గిన్నెను అటూ ఇటూ తిప్పి చూసింది.

"జరమొచ్చినోళ్లు గిన్నెలు గింత తళతళ తోముతరా అక్కా? నీకెప్పుడో తగ్గింది."

రాజవ్వ తల దించుకుంది. లేచి వచ్చి, వాడిపోయిన వేపమండను విప్పబోయింది.

శాంతాబాయి గడప దాటి ఆ చెయ్యి పట్టుకుంది. కొంగు చాటున తెచ్చిన పచ్చి మండ తీసి, తానే గుమ్మానికి కట్టింది.

"ఉండనియ్యి. ఇది తీసేస్తే రేపట్నుంచి నేనేం బహానా చెప్పి రావాలె? నా ఖోలీల గూడ నేనొక్కదాన్నే గద."