సగం సద్ది

"నా భార్య ఎక్కువ తినది డాక్టరమ్మా," భూపాలపల్లి దవాఖానలో భిక్షపతి వాదించాడు.

"బరువు ఇలాగే పెరిగితే ఆమెకు నడవడమే కష్టమవుతుంది. రాత్రి ఏం తింటావమ్మా?"

"నా అన్నం. మల్ల ఈయన బొగ్గుబాయి నుంచి వాపస్ తెచ్చే సగం సద్ది." సౌందర్య మొగుణ్ణి గుర్రుగా చూసింది. "నా కూర ఈయనకు నచ్చది. పారెయ్యబుద్ధి గాక నేనే తింట."

"నచ్చక కాదే! పెండ్లయిన కొత్తల నాకు సద్ది కట్టి, నువ్వు గంజి తాగంగ చూసిన. నీకు మిగుల్తదో లేదోనని అప్పటిసంది సగమే తింటున్న."

"గిప్పుడు కుండ నిండ ఉంటది కదయ్యా!"

"ఒక్కనాడన్న చెప్పినవా?"

"నువ్వడిగినవా?"

డాక్టరమ్మ నవ్వాపుకోలేక తల దించుకుంది.

భర్త బక్కచేతిని సౌందర్య కొత్తగా చూసినట్టు చూసి, గట్టిగా పట్టుకుంది. "ఇన్నేండ్లు సగం కడుపుతోనే బాయిల దిగినవా? నడువ్, ముందు నీకు బువ్వ పెడుత."